లెక్కలోకి రాని సరుకు

(విజయనగరంలో విద్యార్థుల, ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆధునిక కాలపు ప్రపంచ పర్యావరణ చరిత్ర అని అంశం పేరు పెద్దగా ఉంది. ఇలాంటి పేరు వినగానే లండన్ పొగ, అమెజాన్ అడవి, ధ్రువాల మంచు గుర్తుకొస్తాయి. నేను మాత్రం చీపురుపల్లి, గరివిడి నుంచి మొదలుపెడతాను. ఆ ప్రపంచ చరిత్రలో సగం సామగ్రి మన కాళ్ళ కింద నుంచే వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళిందో రాసిన పుస్తకాలు ఉన్నాయి. వెళ్ళాక ఇక్కడ ఏం మిగిలిందో రాసినవి దాదాపు లేవు. ఈ గంటసేపు నేను చెప్పబోయేది ఆ రెండో పద్దు గురించే.

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన ప్రాంతంలోనే. 1892లో ఇక్కడి గనుల నుంచి తీసిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి అది 92,008 టన్నులైంది. ఇవి బ్రిటిష్ టన్నులు. ఒక్కొక్కటి 1,016 కిలోలు. పాత రికార్డు చూసేటప్పుడు ఈ తేడా మరిచిపోతే లెక్క నూటికి ఒకటిన్నర వంతు తప్పుతుంది. ఎనిమిదేళ్ళలో నూట ముప్పై రెట్లకు పైగా పెరిగిందంటే, ఎక్కడో ఎవరికో దీనితో గట్టి అవసరం పడిందన్నమాట. ఆ అవసరం ఏమిటో తెలియాలంటే ఉక్కు కొలిమి దగ్గరకు వెళ్ళాలి.

1856లో హెన్రీ బెసెమర్ ద్రవ ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పద్ధతి ప్రకటించాడు. గాలి ఊదితే అందులోని కార్బన్ మండిపోతుంది. కానీ ఊదిన ఆక్సిజన్‌లో కొంత ఆ ద్రవంలోనే ఉండిపోతుంది. బొగ్గు నుంచి వచ్చిన గంధకం సరేసరి. గంధకం ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఉక్కు గడ్డకట్టేటప్పుడు అది రేణువుల మధ్య సన్నని పొరగా చేరుతుంది. ఇనుముతో కలిసిన ఆ పొర 988 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రోలింగ్ మిల్లులో దిమ్మను 1,100 డిగ్రీలు దాటించి వేడి చేసి సాగదీస్తారు. ఆ వేడికి రేణువుల మధ్య పొర నీరైపోయి, దిమ్మ రోలర్ల కింద పగిలిపోతుంది. బెసెమర్ పద్ధతిని కొనుక్కున్న తొలి కార్ఖానాలు దెబ్బతిన్న కారణాల్లో ఇదొకటి. దీనికి మందు చూపించినవాడు రాబర్ట్ ముషెట్. ఆయన మాంగనీసు ఉన్న ఇనుము కలిపాడు. గంధకం ఇనుమును వదిలి మాంగనీసును పట్టుకుంటుంది. మాంగనీస్ సల్ఫైడ్ 1,600 డిగ్రీల దాకా కరగదు, పొరలా పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా ఉండిపోతుంది. ఆక్సిజన్‌ను కూడా మాంగనీసే లాక్కుంటుంది.

టన్ను మామూలు ఉక్కుకు ఇది ఏడెనిమిది కిలోలు చాలు. ఇంతకాలమైనా దీని బదులు వాడదగ్గ వస్తువు దొరకలేదు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ పన్నెండు, పదమూడు శాతం మాంగనీసుతో ఇంకో ఉక్కు చేశాడు. దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడే ఉక్కు అది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల దగ్గర ఈ రోజుకీ అదే వేస్తున్నారు.

ఐరోపాకు మాంగనీసు ప్రధానంగా వచ్చింది అప్పటి రష్యా సామ్రాజ్యంలోని జార్జియా నుంచి, చియతూరా గనుల నుంచి. 1905లో రష్యాలో తిరుగుబాటు వచ్చి ఆ సరఫరా తడబడింది. గిరాకీ మన దేశం వైపు తిరిగింది. అప్పటికి మధ్య పరగణాల్లో ఇంతకంటే మంచి ఖనిజం బయటపడింది కూడా. ఆ సరుకు సముద్రానికి చేరాలంటే మన మీదుగా రావాలి. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా రైలు 1909 నాటికే వచ్చింది. అక్కడి నుంచి రాయపూర్ దాకా కొండల్లో మిగిలిన ముక్క 1931లో పూర్తయింది. విశాఖ రేవు 1933లో తెరిచారు. ఈ మూడు తేదీలూ ఒకే కథలోవి. రేవు లేని రోజుల్లో ఓడ దూరంగా లంగరు వేసుకుని ఉండేది. ఖనిజాన్ని మసూలా పడవల్లో అలలు దాటించి చేరవేసేవారు.

ఇప్పుడు మన ఖనిజంలో ఉన్న లోపం చెప్పుకోవాలి. అసలు విషయం అక్కడే ఉంది. గర్భాం, కోడూరు ప్రాంతపు రాతిలో మాంగనీసు గార్నెట్‌తో, ఫెల్డ్‌స్పార్‌తో పాటు ఎపటైట్ అనే ఖనిజం ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మర్ ఈ రాతికి కోడూరు పేరు మీదే కోడూరైట్ అని పేరుపెట్టాడు. ఎపటైట్ అంటే కాల్షియం ఫాస్ఫేట్. అందుకే మన ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువ. గంధకం ఉక్కును వేడిలో పగలగొడితే, ఫాస్ఫరస్ చలిలో పెళుసు చేస్తుంది. చలిదేశంలో రైలు పట్టా విరిగితే ఏమవుతుందో ఊహించండి. కొనేవాడు ఫాస్ఫరస్ శాతం చూసి ధర తగ్గిస్తాడు, లేదా వేరే ఖనిజంలో కలిపి వాడుకుంటాడు. ధర నిలబెట్టుకోవాలంటే గని దగ్గరే రాయి పగలగొట్టి, నల్లగా బరువుగా ఉన్న ముక్కలు చేత్తో ఏరాలి. తక్కువ రకం అక్కడే వదిలేయాలి. గొయ్యి పక్కన దిబ్బలు అంత పెద్దవి కావడానికి ఈ ఏరివేత ఒక ముఖ్య కారణం.

మరి ఆ ఫాస్ఫరస్ ఏమైంది? 1878లో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ కొలిమి లోపల డోలమైట్ పూత వేసి, సున్నం కలిపి, ఫాస్ఫరస్‌ను చిట్టెంలోకి, అంటే స్లాగులోకి లాగేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ కొలిమికి చేరిన ఫాస్ఫరస్ ఏ దేశపు ఖనిజంలోనిదైనా చివరికి స్లాగులోకే పోతుంది. జర్మనీలో ఆ స్లాగును పిండి కొట్టి పొలాలకు ఎరువుగా అమ్మారు. ఒకచోట ఖనిజం ధర తగ్గించిన పదార్థం ఇంకోచోట బంగాళాదుంప పొలానికి బలమైంది. ఎరువు అమ్మినవాడి పుస్తకంలో అది ఆదాయంగా పడింది. మన చిట్టాలో అది తరుగుగానే ఉండిపోయింది.

గని లెక్కలో ఏముంటాయి? టన్నుకు ఇంత రాయల్టీ, ఇంత కూలీ, ఇంత రైలు కిరాయి, ఇంత రేవు సుంకం. లేనివి నాలుగైదు చెబుతాను. గొయ్యి తవ్వేకొద్దీ అందులోకి ఊరే నీరు తోడిపారబోయాలి. అలా తోడితే చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం గొయ్యి వైపు వాలుతుంది. దిబ్బ మట్టి వదులుగా ఉంటుంది, దాని మీద గడ్డి మొలవదు. తవ్వేటప్పుడు పైన ఉన్న జానెడు సారవంతమైన మన్నును వేరుగా తీసి దాచకపోతే అది దిబ్బ అడుగున పూడిపోతుంది, కింది రాతిమట్టి పైకొస్తుంది. దాచివుంచి, తవ్వకం అయ్యాక దిబ్బను మెట్లు మెట్లుగా సర్ది పైన పరిస్తేనే మళ్ళీ మొక్క వేరూనుతుంది. అలా చేయని చోట మొదటి పెద్ద వానకే సన్నమట్టి వాగులో పడి చెరువు చేరుతుంది. చెరువు నీటి సామర్థ్యం తగ్గి, ఆయకట్టు చివరి పొలం ఎండుతుంది. ఆ రైతుకు గనితో ఏ ఒప్పందమూ లేదు కాబట్టి అతని నష్టం ఏ పుస్తకంలోనూ ఉండదు.

దుమ్ము సంగతి ఇంకా పాతది. 1837లోనే గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు మాంగనీసు పొడి పీల్చిన కార్మికుల్లో నడక తడబడటం, ముఖం బిగుసుకుపోవడం గమనించి రాశాడు. తర్వాత 55 ఏళ్ళకు మన దగ్గర తవ్వకం మొదలైంది. తెలిసిన విషయమే, గని దాకా నడిచి రాలేదు. తాగేనీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనప్పుడు 0.3 దాకా ఓర్చుకోవచ్చని మన భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. గనుల పక్క ఊళ్ళలో బోరు నీరు పరీక్ష చేయించేవారు ఫ్లోరైడు, ఉప్పు అడిగి ఊరుకోకండి. మాంగనీసు కూడా విడిగా అడగండి. నీరు తోడగానే తేటగా ఉండి, బిందెలో ఒక రాత్రి నిలిస్తే అడుగున నల్లని మడ్డి కడితే ఆ పరీక్ష వెంటనే చేయించాలి.

ఇక గోగు. లండన్ బజారులో మన గోగునారకు పేరు భీమిలి జ్యూట్. అసలు జనపనార బెంగాలుది, మనది గోగు. మొక్క వేరు, వాడకం ఒకటే. గోనె అనే మాట సంస్కృతంలోని గోణి నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు గన్నీ అన్నదీ దాన్నే. స్కాట్లండులోని డండీ పట్నంలో నేతగాళ్ళు 1830లలో జనపనారను యంత్రం మీద వడకాలని చూశారు. నార పొడిగా, బిరుసుగా ఉండి తెగిపోయేది. తిమింగలం నూనె, నీళ్ళు కలిపి చల్లి మాగబెడితే మెత్తబడింది. డండీ అప్పటికే తిమింగలాల వేట పట్నం. ఆర్కిటిక్ సముద్రంలో వేటాడిన తిమింగలం, బెంగాలు వరద నేల మీది నార, ఈ రెండూ ఒక తొట్టిలో కలిశాయి. 1853లో క్రిమియా యుద్ధం వచ్చి రష్యా నుంచి అవిసెనార, హెంపు నార ఆగిపోయాక జనపనారకు రాజయోగం పట్టింది. తర్వాత అమెరికా అంతర్యుద్ధం, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధపు ఇసుక బస్తాలు.

తిమింగలాలు తగ్గిపోయాక నూనె మారింది. పెట్రోలియం నుంచి తీసిన నూనె వచ్చింది. దశాబ్దాల పాటు మన బియ్యం, కాఫీ, కోకో గింజలు ఆ వాసన ఉన్న సంచుల్లోనే తిరిగాయి. ఆహారంలోకి హైడ్రోకార్బన్లు దిగుతున్నాయని 1990లలో అభ్యంతరం గట్టిపడ్డాక, తిండిగింజల సంచులకు తవుడు నూనె లాంటి శాకనూనెలు వాడటం మొదలైంది. తిమింగలం, పెట్రోలు, తవుడు: ఒక గోనెసంచి నూనె మరక చూస్తే రెండు వందల ఏళ్ళ ఇంధన చరిత్ర కనిపిస్తుంది. నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

మన పల్లెలో జరిగే పని చూద్దాం. గోగు పూత సగానికి వచ్చినప్పుడు కోయాలి. ముందే కోస్తే నార తక్కువ, కాయ ముదిరాక కోస్తే నార బిరుసు. కట్టలు కట్టి మూడు నాలుగు రోజులు పొలంలోనే నిలబెడితే ఆకు రాలుతుంది. ఆ ఆకు పొలంలో రాలడం అవసరం, తీసుకున్న సారంలో చాలా భాగం అందులో ఉంటుంది. తర్వాత కట్టలను నీటిలో జానెడు లోతు మునిగేట్టు బరువు పెట్టి ఊరేయాలి. బరువుకు మట్టిపెళ్ళలు, అరటిబోదెలు పెడితే మట్టిలోని ఇనుము కాండంలోని టానిన్‌తో కలిసి నార నల్లబడుతుంది. ధర అక్కడే పడిపోతుంది. రాళ్ళను గోనెలో కట్టి పెట్టడం మేలు. రెండు, మూడు వారాల్లో బాక్టీరియా నారను అతికించి ఉంచిన పెక్టిన్‌ను తినేస్తుంది. పన్నెండో రోజు నుంచీ రోజూ ఒక కాడ తీసి చూడాలి. రెండు రోజులు ఎక్కువైతే నార పుటుక్కుమంటుంది, తక్కువైతే కాడ మొదలు దగ్గర బెరడు అంటుకుని ఉంటుంది. వంద కిలోల పచ్చి గోగుకు చేతికొచ్చే నార సుమారు ఐదు కిలోలే.

బాక్టీరియా ఆ పని చేసేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ మొత్తం వాడేస్తుంది. చేప పైకి తేలుతుంది. తర్వాత మీథేన్, కుళ్ళు వాసన. ఎగుమతి చిట్టాలో బేలు బరువు 400 పౌన్లు అని అణా పైసలతో సహా ఉంటుంది. ఆ బేలు వెనకున్న చెరువు నీరు ఎక్కడా ఉండదు. పోలిప్రొపిలీన్ సంచి వచ్చాక గోగు తగ్గింది, చెరువు నీరు కొంత తేటపడింది, ప్లాస్టిక్ పోగు మట్టిలో చేరింది. 1987లో కేంద్రం జనపనార సంచులు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినా, నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల చుట్టూ ఉన్న ఊళ్ళకు ఆ పంట పాత రోజులు రాలేదు.

సరుకుతో పాటు మనుషులూ వెళ్ళారు. మన వైపు ముసలివాళ్ళు రంగం వెళ్ళాడు అంటే రంగూన్ అని అర్థం. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి తెలుగు కూలీలు పడవెక్కారు. బర్మాలో వాళ్ళను కోరంగీలు అన్నారు, కోరంగి రేవు పేరుతో. వాళ్ళు చేసిన పని ప్రపంచ పర్యావరణ చరిత్రలో చాలా పెద్ద మార్పుల్లో ఒకటి. 1850ల మధ్యలో దిగువ బర్మాలో వరి సాగు ఏడెనిమిది లక్షల ఎకరాలు. 1930ల మధ్యకు 87 లక్షల ఎకరాలు. ఐరావతి డెల్టాలోని మడ అడవి, చిత్తడి అడవి నరికి, గట్లు వేసి, ఉప్పునీటిని ఆపి సాధించిన విస్తీర్ణం అది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ బియ్యం ఐరోపాకు వేగంగా చేరింది. మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. రంగూన్ మిల్లుల ఆవిరి యంత్రాల్లో ఊకే కాల్చేవారు. మిల్లుల్లో, ఓడరేవులో బస్తా మోసింది ఎక్కువగా తెలుగువాళ్ళే. 1930 మే నెలలో రేవు పని గురించి మొదలైన గొడవ తెలుగువాళ్ళ మీద దాడులకు దారితీసింది. మాంద్యంలో ధాన్యం ధర కూలిపోయిన సంవత్సరం అది. 2008 మే నెలలో నర్గీస్ తుఫాను అదే డెల్టాలో లక్ష మందికి పైగా ప్రాణాలు తీసింది. అల తీవ్రతను తగ్గించే మడ చాలా చోట్ల లేదు. ఎనభై ఏళ్ళ ముందు ఎకరాల లెక్కలో లాభంగా పడిన అంకె, తీరం దగ్గర అప్పుగా మిగిలింది.

ఇప్పుడు యూరియా. ఇది మీ అందరి ఇళ్ళ సంగతి.

పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నేలకు నత్రజని కావలసి, ముందు పెరూ దగ్గర చించా దీవుల మీది పక్షుల రెట్ట తవ్వుకున్నారు. అది అయిపోవచ్చాక అటకామా ఎడారి నైట్రేటు మీద పడ్డారు. దానికోసం చిలీ, పెరూ, బొలీవియా 1879లో యుద్ధానికి దిగాయి. ఆ నైట్రేటు ఓడలకెక్కింది కలకత్తా గోనెసంచుల్లోనే. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేశాడు. కార్ల్ బాష్ దాన్ని 1913లో జర్మనీలోని ఓపావులో కార్ఖానా చేశాడు. రెండు వందల రెట్ల వాయు పీడనం, ఐదు వందల డిగ్రీల వేడి, ఇనుప ఉత్ప్రేరకం. మొదట్లో ఉక్కు గొట్టాలు కొన్ని రోజులకే పగిలేవి. హైడ్రోజన్ ఉక్కులోకి దూరి అందులోని కార్బన్‌ను తినేసేది. బాష్ లోపల మెత్తని ఇనుప గొట్టం, బయట సన్న రంధ్రాలున్న ఉక్కు తొడుగు పెట్టి, లోపలికి దూరిన హైడ్రోజన్ బయటికి పోయే దారి చేశాడు. ఆ చిన్న రంధ్రాల మీద ఈ రోజు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆధారపడి ఉంది. అదే ఓపావులో 1921 సెప్టెంబరు 21న ఎరువుల నిల్వ పేలి ఐదు వందల మందికి పైగా చనిపోయారు.

మీ ఇంటికొచ్చే బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. మడిలో చల్లితే వరి పైరు తీసుకునేది మూడో వంతు చిల్లర, ఏడెనిమిది కిలోలు. మిగతాది ఎటు పోయింది? నిలవనీటిలో మధ్యాహ్నం వేళ చల్లారనుకోండి. ఎండకు నీటిలోని పాచి కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది, నీరు క్షారమవుతుంది, యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. కొంత మురుగుకాలవలో పోతుంది. కొంత మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల తిరిగి నత్రజని వాయువవుతుంది. ఆ దారిలో ఒక చిన్న భాగం, నూటికి ఒకటి లోపు, నైట్రస్ ఆక్సైడ్‌గా తప్పించుకుంటుంది. చిన్నదే, కానీ కిలోకు కిలో చూస్తే కార్బన్ డయాక్సైడు కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, గాలిలో వందేళ్ళకు పైగా ఉంటుంది. ఎరువు చల్లే ముందు నీరు తీసేసి, బురద పదునులో సాయంత్రం చల్లి, ఒకటి రెండు రోజులాగి నీరు పెడితే నత్రజని మట్టిలో దిగుతుంది. ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా వేయాలి. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేసిందీ, మట్టిలో దాని మార్పు నెమ్మదించాలనే.

లెక్కలో లేనిదాన్ని పోగొట్టుకోవడం ఎంత సులభమో మన జిల్లాల్లోనే చూశాం. సోంపేట బీల, కాకరాపల్లి తంపర. వాన నీరు నిలిచే చిత్తడి నేలలు. చేపలు పట్టేవారికి, ఎత్తిపోతల రైతుకు, పశువులకు, వలస పక్షులకు అవి ఆధారం. అయితే తెల్లవాళ్ళ రెవెన్యూ భాషలో శిస్తు రానిది బంజరు. ఆ మాట తర్వాతి రికార్డుల్లోకీ అలాగే దిగింది. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు స్థలం వెతికినప్పుడు కాగితం మీద అవి ఖాళీ నేలలు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఒక రెవెన్యూ కాలమ్‌లో రాసిన ఒక్క మాట ఎంత దూరం వచ్చిందో గమనించండి. బీల అనే మాట రైతు నోట ఉంది, తంపర అనే మాట ఉంది. రికార్డులో వాటికి గడి లేదు.

గడి ఏర్పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1958 మార్చిలో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడు కొలవడం మొదలుపెట్టాడు. పది లక్షల పాళ్ళకు 313 పాళ్ళతో మొదలైంది. కార్ఖానాలకు ముందు అది 280. 2024 సగటు 424 దాటింది. ఆపకుండా, ఒకే పద్ధతిలో, ఒకే చోట కొలిచాడు కాబట్టే వాదన నిలబడింది. అంటార్కిటికాలో హాలీ బే కేంద్రంలో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1950ల చివరి నుంచి ఓజోన్ కొలుస్తూ వచ్చారు. 1985లో ఓజోన్ పొరలో పడిన రంధ్రం సంగతి ప్రకటించారు. రెండేళ్ళకే ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పాతికేళ్ళ పైచిలుకు విసుగు పుట్టించే అంకెలు ముందు ఉండబట్టే రెండేళ్ళ పని సాధ్యమైంది.

కనుక మీలో ఎవరైనా ఊరి పర్యావరణ చరిత్ర రాయాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం 1979 జూన్ 1న. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు 1936 దాకా గంజాం జిల్లా. కాబట్టి ఆ ఊళ్ళ పాత అంకెలు గంజాం కాగితాల్లో వెతకాలి, విశాఖ వాటిలో దొరకవు. పాలకొండ, బొబ్బిలి, సాలూరు విశాఖపట్నం జిల్లాలో ఉన్నాయి. 1948 చట్టంతో జమీందారీలు పోయేవరకు ఎస్టేటు ఊళ్ళకు, రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ ఊళ్ళలాంటి పూర్తి సర్వే ఉండదు. అక్కడ ఎస్టేటు దస్త్రాలే ఆధారం. పాత రెవెన్యూ లెక్కల్లో కనిపించే ఫసలీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరంలోకి మారాలంటే 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. పుట్టి, గరిసె ఊరూరికీ మారతాయి. ఏ ఊరి కొలతో రాసుకోకుండా టన్నుల్లోకి మార్చకండి.

కొత్త కొలతలు మీరే మొదలుపెట్టవచ్చు. ఊరిలో వాడకంలో లేని ఒక బావి ఎంచుకోండి. వర మీద ఒకచోట రంగుతో గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించండి. గుర్తు నేలకు ఎంత ఎత్తులో ఉందో రాసుకుని, ఆ ఎత్తును టేపు కొలతలోంచి తీసేయండి. జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో, తెల్లవారి, చుట్టుపక్కల మోటార్లు వేయకముందే కొలవాలి. కేంద్ర భూగర్భజల సంస్థ కొలిచే నెలలూ అవే కాబట్టి పోల్చుకోవచ్చు. చాలాచోట్ల ఈ పని పాడయ్యేది వర మళ్ళీ కట్టినప్పుడు కొత్త ఎత్తు రాయకపోవడం వల్ల. వర్షపాతం ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, అంతకుముందు ఇరవై నాలుగు గంటలదిగా రాయాలి. వాతావరణ శాఖ రోజు అక్కడే మారుతుంది.

ఒక ప్రశ్న వచ్చింది. పాత మాంగనీసు గొయ్యి పక్క ఊరి విద్యార్థి అడుగుతున్నారు, గని రికార్డు దొరక్కపోతే ఎంత తవ్వారో ఎలా తెలుస్తుందని.

ముందు ఒక మాట. ఆ నీళ్ళలో దిగకండమ్మా. అంచు నిట్టనిలువుగా ఉంటుంది, కిందిరాయి జారుతుంది. విస్తీర్ణం ఉపగ్రహ చిత్రంలో కొలవండి. లోతు కోసం గని వదిలేసినప్పుడు యజమాని గనుల భద్రతా విభాగానికి ఇవ్వవలసిన పటం అడగండి. ఉదాహరణకు పొడవు 200 మీటర్లు, వెడల్పు 80, సగటు లోతు 15 అనుకుందాం. 2,40,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు రెండు టన్నుల చొప్పున 4,80,000 టన్నులు. అందులోంచి రైలెక్కిన ఖనిజం తీసేయండి. స్టేషన్ సరుకు లెక్కలో అది దొరకవచ్చు. మిగిలింది చుట్టూ దిబ్బల్లో ఉండాలి. తవ్విన మట్టి పావు వంతుకు పైగా ఉబ్బుతుంది, కాబట్టి దిబ్బల ఘనపరిమాణాన్ని 1.25తో భాగించి, అదే రెండు టన్నుల చొప్పున టన్నుల్లోకి మార్చి పోల్చండి. రెండూ సరిపోతే మంచిదే. దిబ్బల్లో తక్కువ వచ్చిందనుకోండి, ఆ తేడా కొంత రోడ్లకు వెళ్ళి ఉంటుంది, ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. దానికీ పోగా ఇంకా మిగిలితే వాగు వెంట కిందికి నడవండి. మొదటి చెరువులో ఎండాకాలం అలుగుకు ఎదురుగా మనిషి లోతు గొయ్యి తీసి చూస్తే, మామూలు ఒండ్రు మధ్యలో నల్లగా, బరువుగా ఒక పొర కనిపించవచ్చు. దాని మందం కొలిచి రాసుకోండి.